సన్నిధి నుంచి సహవాసానికి: గోదావరి డెల్టా క్రైస్తవ వాఙ్మయంలో దైవసంబంధ స్వరూపం

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ వాఙ్మయాన్ని గురించి ఇంతవరకు జరిగిన విమర్శ ప్రధానంగా రెండు ప్రశ్నలను వేసుకొంది. ఆ వాఙ్మయం తెలుగు భాషకు, ముద్రణకు, గద్యానికి చేసిన దోహదం ఏమిటన్నది మొదటి ప్రశ్న. అది దేశీయ భక్తి సంప్రదాయానికి ఎంతవరకు ఋణపడి ఉందన్నది రెండవ ప్రశ్న. ఈ రెండూ అవసరమైనవే. అయితే ఆ కీర్తనలను రచించినవారికీ, పాడినవారికీ ఇవి ముఖ్యమైన ప్రశ్నలు కావు. వారిని వేధించిన ప్రశ్న వేరు. మనిషికి దేవునితో ఏర్పడిన సంబంధం నిజమైనదో, నోటిమాటగా మిగిలినదో గుర్తించడం ఎట్లా?

గోదావరి డెల్టాలో ఈ ప్రశ్నకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో సువార్త ప్రచారం సాగించారు. 1845లో ఉత్తర జర్మనీ లూథరన్ మిషనరీ వాలెట్ రాజమండ్రిలో పని ప్రారంభించాడు. 1874లో కెనడా బాప్తిస్టులు కాకినాడను కేంద్రంగా చేసుకొన్నారు. 1938లో ఎం. దేవదాసు రాజమండ్రిలో బైబిలు మిషనును స్థాపించారు. ఒకే నదీముఖ ప్రాంతంలో శతాబ్దానికి పైగా కాలంలో ఇన్ని సంప్రదాయాలు పక్కపక్కన నిలిచాయి. దైవసంబంధానికి ఒక్కొక్కటి ఒక్కొక్క గుర్తును ప్రధానం చేసింది. ఒకరికి అది కృపను నమ్మే విశ్వాసం. మరొకరికి తిరిగి జన్మించిన అనుభవం. ఇంకొకరికి ప్రత్యక్షంగా వినిపించే దేవుని మాట.

ఈ వ్యాసం ఆ సిద్ధాంత భేదాలను తూచి తీర్పు చెప్పదు. ఈ సంప్రదాయాలన్నీ పంచుకొన్న తెలుగు పరిభాషను, కీర్తన, సన్నిధి, సహవాసం అనే మూడు ఆచరణ రూపాలను పరిశీలిస్తుంది. ఈ వాఙ్మయంలో దేవునితో సంబంధం ఆంతరంగిక అనుభవంగా మొదలైనా, దాని నిజత్వాన్ని పరీక్షించే చోటు మాత్రం తోటిమనుషులతో కూర్చునే పంక్తి అన్నది ఇక్కడి ప్రతిపాదన. భక్తి సంప్రదాయంతో పోలికలకే పరిమితమైన విమర్శకు ఈ అంశం తగినంతగా అందలేదు.

1. పరిభాష: ఎరుగుట, సమాధానపడుట, పాలుపుచ్చుకొనుట

‘సంబంధం’ అన్న మాట నేటి క్రైస్తవ ప్రసంగాలలో విరివిగా వినిపిస్తుంది. కాని ఈ సంప్రదాయానికి మూలధనంగా నిలిచిన తెలుగు బైబిలు ఆ భావాన్ని ఎక్కువగా ఇతర పదాలతో చెప్పింది. వాటిలో మొదటిది ‘ఎరుగు’. తెలుగు తాత్త్విక సంప్రదాయంలో ఎరుక అంటే జ్ఞానం. వ్యవహారంలో ‘ఆయనను ఎరుగుదును’ అంటే ఆ మనిషితో పరిచయం ఉందని అర్థం. మత్తయి సువార్త ఏడవ అధ్యాయంలో ప్రభువు పేరుతో ప్రవచించినవారు, అద్భుతాలు చేసినవారు తీర్పు దినాన తిరస్కృతులౌతారు. తాను వారిని ఎన్నడూ ఎరుగనన్నది ప్రభువు చెప్పే కారణం. వారి జ్ఞానంలో లోపం ఉన్నట్టు ఆ సందర్భం చెప్పదు. వారు ఆయన పేరు పలికారు, ఆ పేరుతో పనులు కూడా చేశారు. పరిచయం మాత్రం ఏర్పడలేదు. తెలుగు క్రియకు ఉన్న ఈ రెండు అర్థాల వల్ల ఆ సందర్భం తెలుగు పాఠకునికి మరింత తీవ్రంగా తగులుతుంది. దేవుణ్ణి గురించి తెలిసి ఉండడానికీ, దేవుని పరిచయంలో ఉండడానికీ మధ్య ఉన్న దూరం అంతా ఒకే క్రియలో ఇమిడి ఉంది.

రెండవది ‘సమాధానం’. సామాన్య వ్యవహారంలో అది ప్రశ్నకు జవాబు. క్రైస్తవ తెలుగులో అది శాంతి. ‘సమాధానపడుట’ అంటే తెగిన బంధం తిరిగి అతుక్కోవడం. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో దేవుడు మనుషులను తనతో సమాధానపరచుకొన్నాడన్న సందర్భంలో ఈ మాట వస్తుంది. కొండమీద ప్రసంగంలో మనుషుల మధ్య తగవు తీరవలసిన సందర్భంలోనూ ఇదే మాట వస్తుంది. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతున్న మనిషికి తనపై విరోధం ఉన్న సహోదరుడు గుర్తుకు వస్తే, అర్పణను అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడి రమ్మన్నది ఆ ఉపదేశ సారం. దేవునితో సంధికీ, పొరుగువానితో సంధికీ భాష రెండు మాటలు కేటాయించలేదు.

మూడవది ‘పాలుపుచ్చుకొనుట’. ప్రభురాత్రి భోజనాన్ని గురించి పౌలు చెప్పిన చోట గ్రీకు ‘కొయినోనియా’ను తెలుగు అనువాదకులు ఈ మాటతో అందించారు. యోహాను మొదటి పత్రికలో అదే గ్రీకు పదం ‘సహవాసం’ అయింది. ‘పాలు’ అంటే వాటా. ఆస్తిలో వాటాకు అర్హులైన దాయాదులు పాలివారు. క్రీస్తు రక్తంలో, శరీరంలో పాలుపుచ్చుకోవడమంటే తెలుగు చెవికి ఒక ఇంటి వాటాలో చేరడం. రోమా పత్రికలోని దత్తపుత్రత్వం, వారసత్వం అన్న భావాలు కూడా ఈ కుటుంబన్యాయ పరిభాషకే చెందుతాయి.

డెల్టా సామాజిక చరిత్రను పక్కన పెడితే ఈ పదాల బరువు తెలియదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాత కాలువ నీటితో డెల్టా భూముల విలువ పెరిగింది. ఆ భూమిలో పాలు లేనివారే, ఆ పొలాలలో పనిచేసిన మాల మాదిగ కుటుంబాలవారే, ఇక్కడి సంఘాలలో ఎక్కువమంది చేరారు. ఏ దస్తావేజులోనూ తమ పేరు కనిపించని మనుషులకు దత్తత, వారసత్వం, పాలు అన్న మాటలతో దేవునితో సంబంధం వివరించబడింది. పరలోకపు ఆశ చూపి ఇహలోకపు లేమిని మరపించిన భాషగా దీనిని చదవవచ్చు. అట్లా చదివిన విమర్శ లేకపోలేదు. అయితే వారసుడనని నమ్మిన మనిషి కూలివానిగా తలవంచి నిలబడడం కష్టమౌతుంది. ఆ మాటలకు అటువంటి ఒత్తిడి ఉంది. యోహాను సువార్త పదిహేనవ అధ్యాయంలో యేసు శిష్యులను ఇకమీదట దాసులని పిలువక స్నేహితులంటాడు; దాసునికి యజమానుడు చేసేది తెలియదన్నది అక్కడి కారణం. పాలేరుతనం నిత్యానుభవంగా ఉన్న చోట ఈ భేదానికి వ్యాఖ్యానం అవసరం లేదు.

2. కీర్తన: ‘నీవు’ అన్న పిలుపు

సంబంధాన్ని మనిషి వైపు నుంచి పలికే రూపం కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) ఉత్తర కోస్తా ప్రాంతానికి చెందిన కవి. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆయన కీర్తనలు శాఖాభేదాలు లేకుండా తెలుగు సంఘాలన్నింటికీ చేరాయి. డెల్టా ఆరాధనకూ ఆధారమయ్యాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో రాగతాళాల సూచనలతో, పల్లవి, అనుపల్లవి, చరణాల విభజనతో ఈ రచనలు ముద్రితమౌతూ వచ్చాయి. ఆర్. ఆర్. సుందరరావు 1983లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథంలో తెలుగు కీర్తనల సంకలనాన్ని భక్తి వేదాంత దృష్టితో పరిశీలించారు. ఈ రంగంలో ఆ కృషి మార్గదర్శకమైనది. క్రైస్తవ కీర్తన దిగుమతి సరుకన్న అభిప్రాయాన్ని అటువంటి పరిశీలన నిలువనీయదు.

భక్తి దృష్టితో చూచినప్పుడు మొదట కనిపించేది సంబోధన. రామదాసు, త్యాగరాజు, శతక కవులు దైవాన్ని ‘నీవు’ అనే పిలిచారు. క్రైస్తవ కీర్తన కూడా అదే పిలుపును స్వీకరించింది. గోదావరి జిల్లాలలో ఇంటి పెద్దను, ఊరి పెద్దను, ఉపాధ్యాయుణ్ణి ఏకవచనంతో పిలవడం అమర్యాద. ‘గారు’ చేర్చకుండా పేరు పలకడం కూడా అంతే. అటువంటి మర్యాద భాషలో అందరికంటె పెద్దవానిని ఏకవచనంతో పిలవడం సామాన్యమైన విషయం కాదు. అమ్మను, బాల్యమిత్రుణ్ణి పిలిచే పిలుపు అది. మరోవైపు అదే దేవుణ్ణి గురించి మూడవ మనిషికి చెప్పేటప్పుడు తెలుగు బైబిలు, ప్రసంగం కూడా ‘ఆయన’ అంటాయి. ఎదుట ఉన్నప్పుడు చనువు, చాటున ఉన్నప్పుడు గౌరవం. లోకవ్యవహారంలో చాలాసార్లు ఇది తలకిందులుగా నడుస్తుంది. యూదు తాత్త్వికుడు మార్టిన్ బూబర్ 1923లో ‘నేను–నీవు’ సంబంధాన్ని ‘నేను–అది’ నుంచి వేరుచేసి చూపాడు. దేవుణ్ణి వర్ణించడం కంటె సంబోధించడమే మూలమన్నది ఆ గ్రంథ దృష్టి. తెలుగు కీర్తన తన వ్యాకరణంలోనే ఆ దృష్టిని ఆచరించింది.

అయితే భక్తితో ఉన్న సామ్యం దగ్గరే ఆగితే రెండు విషయాలు మరుగునపడతాయి. మొదటిది సంబంధానికి చొరవ ఎవరిదన్నది. లూథరన్, బాప్తిస్టు, బ్రదరిన్ బోధలు ఎన్ని విషయాలలో విభేదించినా చొరవ దేవునిదేనన్న మాట దగ్గర కలుస్తాయి. తప్పిపోయిన గొర్రెను కాపరి వెతుకుతాడు. దూరాన వస్తున్న కుమారునికి తండ్రి ఎదురు పరుగెత్తుతాడు. ఈ నమ్మకంలో కీర్తన దేవునికి మనిషి వేసే మొదటి కేక కాదు. దేవుడు ముందే పిలిచిన పిలుపుకు పలుకు. భక్తి సంప్రదాయంలో కూడా నిర్హేతుక కృప అన్న భావన ఉంది గనుక ఈ భేదాన్ని సంపూర్ణ వ్యతిరేకతగా చూడనవసరం లేదు. కాని క్రైస్తవ కీర్తనలో ఆ కృప సిలువ అన్న చారిత్రక సంఘటనకు ముడిపడి ఉంటుంది.

రెండవది గొంతుకు సంబంధించినది. చాలా కీర్తనలలో వక్త ‘నేను’. సంఘంలో వాటిని పాడేది ‘మేము’. ఒక పాపి ఒంటరి విలాపంగా రచించిన కీర్తనను వందమంది కలిసి ఎత్తుకొన్నప్పుడు ప్రతివాని ‘నేను’ పక్కవాని ‘నేను’తో కలిసి వినిపిస్తుంది. కాగితం మీది కీర్తనను మాత్రమే పరిశీలించే విమర్శకు ఈ పరిణామం కనబడదు. ఏకాంత నివేదన సామూహిక కంఠంలోకి చేరడం ఈ ప్రక్రియలో సహజంగా జరిగే పని. అక్కడే సహవాసానికి బీజం ఉంది.

3. సన్నిధి: దేవదాసు ప్రార్థనలోని రెండు భాగాలు

సంబంధం నిజమైనదైతే మాట ఒకవైపు నుంచే సాగదు. దేవుడు కూడా మాట్లాడాలి. ఈ అపేక్షను డెల్టాలో అత్యంత స్పష్టంగా ముందుకు తెచ్చినవారు ముంగమూరి దేవదాసు. రాజమండ్రి సమీపంలోని జేగురుపాడు ఆయన స్వగ్రామం. లూథరన్ సంఘంలో దీర్ఘకాలం సేవ చేసిన తరువాత 1938లో ఆయన బైబిలు మిషనును ప్రారంభించారు. ఆ పేరు గాలిలో బంగారు అక్షరాలుగా తనకు కనబడిందని ఆయన చెప్పినట్లు ఆ సమాజం విశ్వసిస్తుంది. 1960లో మరణించేవరకు ఆయన కీర్తనలు, ప్రసంగాలు, ప్రార్థనలు విస్తారంగా అందించారు. పి. సాల్మన్ రాజ్ 1986లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం ఆంధ్రదేశంలోని చిన్న సంఘాల ఉద్యమాన్ని, అందులో ప్రత్యేకంగా దేవదాసు బైబిలు మిషనును, జానపద క్రైస్తవ మతంగా అధ్యయనం చేసింది.

‘జానపదం’ అన్న ఆ నిర్ణయం సామాజిక శాస్త్ర దృష్టికి ఉపయోగపడుతుంది. సాహిత్య విమర్శకు మాత్రం దేవదాసు వాడిన భాషను దగ్గరగా చూడవలసిన అవసరం మిగిలే ఉంది. ఆయన సంప్రదాయానికి కేంద్రమైన పదం ‘సన్నిధి’. తెలుగు ఆలయ వ్యవహారంలో సన్నిధి ఒక స్థలం. స్వామి ఎదుటి చోటు. అక్కడికి చేరాలంటే గోపురం, మండపం, గడప దాటాలి. ఎవరు ఎంతవరకు రావచ్చో నిర్ణయించే ఆచారం ఉంటుంది. తెలుగు బైబిలులో దేవుని సన్నిధి అన్న మాట ఆయన ముఖం ఎదుట నిలవడాన్ని సూచిస్తుంది. బైబిలు మిషను ఆచరణలో సన్నిధి సమయంగా మారింది. విశ్వాసులు గదిలోనో, పాకలోనో, చెట్టు కిందనో మౌనంగా కూర్చొని దేవుని మాట కోసం కనిపెట్టుకొని ఉండడమే సన్నిధి. స్థలవాచకంగా ఉన్న పదం కాలవాచకంగా మారడం వల్ల గడప అన్నది లేకుండా పోయింది.

ఈ మార్పు విలువను గుర్రం జాషువ ‘గబ్బిలం’ (1941) పక్కన పెట్టి చూస్తే గ్రహించవచ్చు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగిన ఆ కవి తన కావ్యంలో గుడి తలుపు మూసివేయబడిన దళితుని చేత కాశీనాథునికి సందేశం పంపించాడు. మనిషికి ప్రవేశం లేని ఆలయంలో గబ్బిలానికి ప్రవేశం ఉంది. పూజారి లేని వేళ చూచి శివుని చెవిలో తన గోడు చెప్పమని నాయకుడు దానిని వేడుకొంటాడు. సందేశకావ్య సంప్రదాయంలో దూత అవసరం విరహం వల్ల ఏర్పడుతుంది. జాషువ కావ్యంలో మూసిన తలుపు వల్ల ఏర్పడింది. దేవుడు వినడన్న నిరాశ ఆ నాయకునిలో లేదు. విననీయని మనుషుల మీదనే అతని ఆరోపణ. దేవదాసు సన్నిధిలో దూత లేడు, పూజారి లేడు, తలుపు లేదు. క్రైస్తవ సిద్ధాంతం ప్రకారం క్రీస్తు మధ్యవర్తి; కాని ఆ మధ్యవర్తిత్వం అడ్డుగా నిలిచేది కాదు, దారిగా తెరుచుకొన్నది. జాషువ చెప్పిన వేదనకూ, దేవదాసు బోధించిన ఆచరణకూ మధ్య రచయితల పరస్పర ప్రభావాన్ని ఊహించనవసరం లేదు. ఒకే సామాజిక వాస్తవం ఎదుట తెలుగులో రూపొందిన రెండు ప్రతిస్పందనలుగా వాటిని గుర్తిస్తే చాలు.

సన్నిధి ఆచరణకు ఒక ప్రమాదం కూడా ఉంది. దేవుడు తనతో మాట్లాడాడన్నవాని మాటను ఇతరులు ఎట్లా పరీక్షించాలి? దర్శనం, స్వప్నం, స్వరం అన్నీ వ్యక్తి అనుభవాలే. అవి సత్యమని చెప్పడానికి చెప్పేవాని నిశ్చయం తప్ప వేరే ఆధారం ఉండదు. అటువంటి నిశ్చయం ఇతరుల మీద అధికారంగా మారిన సందర్భాలు ప్రపంచ క్రైస్తవ చరిత్రలో కొల్లలు. లూథరన్ సంప్రదాయం వాక్యాన్ని, సంస్కారాలను విడిచిన ఆంతరంగిక ప్రత్యక్షతను ఆది నుంచీ అనుమానించడానికి కారణం ఇదే. పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథర్ ఆనాటి ప్రత్యక్షతావాదులతో చేసిన వాదమంతా ఈ విషయం మీదనే నడిచింది.

దేవదాసు నేర్పిన సుప్రసిద్ధమైన ప్రార్థనలో ఈ ప్రమాదానికి కొంత జవాబు ఉంది. దేవుడు తనకు కనబడాలని, తనతో మాట్లాడాలని మొదటి భాగం కోరుతుంది. అందరికీ కనబడాలని, అందరితోనూ మాట్లాడాలని రెండవ భాగం కోరుతుంది. క్రియలు మారవు, విభక్తి తీసుకొన్న సర్వనామం మాత్రమే మారుతుంది. మొదటి భాగం ఒక్కటే ఉంటే అది సాధకుని ప్రార్థన. రెండవ భాగం చేరగానే ఆ అనుభవం మీద తనకు ప్రత్యేక హక్కు లేదని సాధకుడే ఒప్పుకొన్నట్లౌతుంది. దేవుడు అందరితోనూ మాట్లాడగలడని ప్రార్థించినవాడు పక్కవాడు విన్నదానిని కొట్టివేయలేడు. తాను విన్నదానిని పక్కవాని ఎదుట పెట్టవలసి ఉంటుంది. ప్రార్థన వాక్యనిర్మాణమే సన్నిధిని సహవాసం వైపు తిప్పుతోంది.

4. సహవాసం: బల్ల దగ్గర పరీక్ష

సహవాసాన్ని దైవసంబంధానికి ప్రధాన ఆచరణగా డెల్టాకు తెచ్చింది బ్రదరిన్ సంప్రదాయం. బౌడెన్, బీర్ ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు బార్న్‌స్టేపుల్ నుంచి వచ్చారు. బౌడెన్ రాతిపనివాడు. బీర్ చెప్పులు కుట్టే వృత్తివాడు. చర్మకారవృత్తిని అంటరానిదిగా చూచే సమాజానికి ఆ వృత్తివాడు దైవవాక్యం చెప్పడానికి రావడం గమనించదగిన విషయం. అభిషిక్త గురువుల వ్యవస్థను బ్రదరిన్లు అంగీకరించలేదు. విశ్వాసులు ఆదివారం కలిసి రొట్టె విరుచుకోవడమే వారి ఆరాధనకు కేంద్రం.

ఈ ఆచరణ వెనుక ఉన్న సూత్రాన్ని గ్రోవ్స్ 1836లోనే, ఆ ఇద్దరినీ భారతదేశానికి తీసుకొని వచ్చిన ఏడాదే, జాన్ నెల్సన్ డార్బీకి వ్రాసిన లేఖలో వివరించాడు. సహవాసానికి ఆధారం క్రీస్తు జీవం మనిషిలో ఉండడమేగాని సిద్ధాంత విషయాలలో అతనికి ఉన్న వెలుగు కాదన్నది ఆ లేఖ సారాంశం. క్రీస్తు చేర్చుకొన్నవానిని చేర్చుకోకుండా ఉండే అధికారం సంఘానికి లేదన్న పర్యవసానం దీనికి ఉంది. డార్బీ మార్గం క్రమంగా వేరైపోయింది; 1848లో బ్రదరిన్ ఉద్యమం రెండుగా చీలింది. గ్రోవ్స్ సూత్రం ఇంగ్లండులో శాఖాభేదాలను దృష్టిలో ఉంచుకొని పుట్టింది. గోదావరి తీరంలో దానికి ఎదురైన అసలు పరీక్ష కులం.

రొట్టె ఒకటి, పాత్ర ఒకటి. కులవ్యవస్థలో అన్నం, నీరు, ఎంగిలి అన్నవే దూరాన్ని కొలిచే ప్రమాణాలు. అందుచేత ప్రభురాత్రి భోజనపు బల్ల ఇక్కడ ఆరాధనా వస్తువుగా మాత్రమే ఉండజాలదు. 1833లో కలకత్తా బిషపు డేనియల్ విల్సన్ దక్షిణ భారత సంఘాలలో కులభేదాన్ని పాటించరాదని ఉత్తరువు చేయవలసి వచ్చింది. బాప్తిస్మం పొందినవారు కూడా ఒకే పాత్రకు నోరు చేర్చడానికి వెనుకాడారన్న వాస్తవం ఆ ఉత్తరువు వెనుక ఉంది. తెలుగు ప్రాంతంలో అగ్రకుల విశ్వాసులకూ దళిత విశ్వాసులకూ మధ్య, అంతకంటె బాధాకరంగా మాల మాదిగ సంఘాల మధ్య, దూరాలు మిగిలిపోయిన సంగతి సంఘచరిత్రకారులెవరూ కాదనలేరు. ఆరాధనలో ఒకే కీర్తన పాడినవారు పెళ్లిసంబంధాల దగ్గరకు వచ్చేసరికి వేరుపడ్డారు. ‘సంబంధం’ అన్న మాటకు తెలుగునాట మొదటి అర్థం వియ్యమే. దేవునితో సంబంధం కలుపుకొన్నవారు ఒకరితో ఒకరు సంబంధం కలుపుకోలేకపోయారన్న వాక్యంలో ఆ మాట రెండు అర్థాలూ ఒకదాన్నొకటి నిలదీస్తాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణను పరిశీలించాలి. దైవసంబంధాన్ని సామాజిక ఆచరణతో కొలవడం కృపను క్రియలకు లోబరచడం కాదా? విశ్వాసం చేతనే మనిషి నీతిమంతుడుగా ఎంచబడతాడన్న లూథరన్ మూలసూత్రానికి ఇది విరుద్ధం కాదా? ఆక్షేపణ బలమైనది. దీనికి జవాబు ఆధారానికీ, ఆనవాలుకూ ఉన్న భేదంలో ఉంది. చెట్టుకు ప్రాణం పండు ఇవ్వదు. చెట్టు ఏదో పండు చెబుతుంది. తోటివానిని చేర్చుకోవడం వల్ల దేవుడు మనిషిని చేర్చుకొంటాడని యోహాను పత్రిక చెప్పదు. కనబడే సహోదరుని ప్రేమించనివాడు కనబడని దేవుని ప్రేమిస్తున్నానంటే ఆ మాటను నమ్మనవసరం లేదని మాత్రం చెబుతుంది. లూథర్ కూడా విశ్వాసం ప్రేమ ద్వారా పొరుగువాని వైపు కదులుతుందని 1520 నాటి క్రైస్తవ స్వాతంత్ర్య గ్రంథంలో బోధించాడు. కనుక సహవాసాన్ని పరీక్షగా చూడడం ఏ శాఖ సిద్ధాంతానికీ పరాయిది కాదు.

‘సాక్ష్యం’ అన్న మౌఖిక ప్రక్రియ కూడా ఇదే దిశను చూపుతుంది. డెల్టా గ్రామాల ప్రార్థన కూటాలలో విశ్వాసి లేచి తన మారుమనస్సు కథ చెబుతాడు. సాక్ష్యం న్యాయస్థానపు మాట. సాక్షి ఇతరుల ఎదుట నిలబడాలి, అడ్డుప్రశ్నకు సిద్ధపడాలి. కూటంలో ఎవరూ అడ్డుప్రశ్న వేయకపోవచ్చు. కాని ఎదుట కూర్చున్నవారు అతని ఇల్లాలు, అతని అప్పులవారు, అతనితో గట్టు తగాదా ఉన్న పొరుగువారు. తాగుడు మానానని చెప్పినవాని మాట నిజమో కాదో దేవదూతలకంటె ముందు ఇంటివారికి తెలుస్తుంది. ఆంతరంగిక అనుభవాన్ని తనను ఎరిగినవారి ఎదుట పెట్టడం ఈ ప్రక్రియ లక్షణం. అపరిచితుల సభలో చెప్పిన సాక్ష్యం ఎంత రసవంతంగా ఉన్నా ఈ లక్షణాన్ని కోల్పోతుంది.

5. పేరు, సంబంధం

ఈ వాఙ్మయంలో పదేపదే విమర్శకు గురయ్యే మూర్తి ‘నామకార్థ క్రైస్తవుడు’. అతనికి పేరు ఉంది, సంబంధం లేదు. తల్లిదండ్రుల నుంచి మతం వచ్చింది, పండుగకు గుడికి వస్తాడు, అంతకు మించి ఏమీ ఉండదు. పునర్జన్మానుభవాన్ని కోరే ఉజ్జీవ ప్రసంగాలన్నీ అతనిని లక్ష్యంగా చేసుకొన్నవే. ఆ విమర్శ వెనుక ఒక ఊహ ఉంది: పేరు సులభంగా దొరుకుతుంది, సంబంధం దొరకడమే కష్టం.

స్వతంత్ర భారతంలో డెల్టా దళితుల విషయంలో ఈ ఊహ తారుమారైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది, క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గం కిందికి వస్తారు. ఫలితంగా ఆదివారం ఆరాధనకు వెళ్లే కుటుంబాలు అనేకం ధ్రువపత్రాలలో మరొక మతం పేరుతో ఉంటాయి. వీరికి సంబంధం ఉంది, పేరు లేదు. పేరు పెట్టుకొంటే పిల్లల చదువుకు, కొలువుకు ఉన్న ఆధారం పోతుంది. పెట్టుకోకపోతే విశ్వాసంలో కపటమున్నదన్న నింద పడుతుంది.

ఈ నిందను సాహిత్య విమర్శ యథాతథంగా స్వీకరించకూడదు. ప్రభువు పేరు పలికినవారందరినీ ఆయన ఎరుగడని చెప్పిన సువార్త, పేరునే సంబంధానికి తుది రుజువుగా ఎంచనీయదు. అట్లని పేరుకు విలువే లేదనడం కూడా సరికాదు. బహిరంగంగా ఒప్పుకోవడాన్ని ఈ మతం ముఖ్యంగానే ఎంచుతుంది. ఆదిమ సంఘంలో ఆ పేరు కోసం ప్రాణాలిచ్చినవారున్నారు. ఈ రెండింటి మధ్య నలిగే విశ్వాసి అంతరంగం తెలుగు కథలో, నవలలో ఇంకా విస్తృతంగా చిత్రితం కావలసి ఉంది. కీర్తనలలోని ‘నేను’ పాపభారాన్ని ఒప్పుకొంటుంది, ధ్రువపత్రపు భారాన్ని ఎక్కడా పలకదు. ఈ మౌనం ఆ ప్రక్రియ పరిమితి. దానిని గుర్తించడం విమర్శకుని బాధ్యత.

ముగింపు

కీర్తనలో మనిషి దేవునితో మాట్లాడుతాడు. సన్నిధిలో దేవుని మాట కోసం మౌనంగా వేచి ఉంటాడు. సహవాసంలో ఆ రెండు మాటలూ నిజమో కాదో తోటివారి నడుమ తేలుతుంది. గోదావరి డెల్టా క్రైస్తవ వాఙ్మయంలో ఈ మూడూ విడివిడి శాఖల సొత్తులుగా కనిపించినా, వాటిని కలిపి చదివినప్పుడే దైవసంబంధ స్వరూపం పూర్తిగా తెలుస్తుంది. కీర్తన ఒక్కటే మిగిలితే సంబంధం సంగీతానుభవంగా తేలిపోవచ్చు. సన్నిధి ఒక్కటే మిగిలితే వ్యక్తి అధికారంగా బిగుసుకోవచ్చు. మొదటి రెండూ లేని సహవాసం సంఘసభ్యత్వంగా, కొన్నిసార్లు కులసంఘంగా కుదించుకుపోవచ్చు.

తెలుగు క్రైస్తవ రచనలను భక్తి సాహిత్యపు శాఖగా గుర్తించడం వల్ల వాటికి సాహిత్యచరిత్రలో చోటు దొరికింది. ఇకమీద చేయవలసిన పని ఆ చోటులో వాటి సొంత ప్రశ్నను వినడం. ఎరుగుట, సమాధానపడుట, పాలుపుచ్చుకొనుట అన్న క్రియలు దేవునికీ పొరుగువానికీ ఒకే రూపంలో వర్తిస్తాయి. ఈ భాషలో ప్రార్థించిన మనిషి దేవునితో సమాధానపడ్డానని చెప్పగానే, ఎవరితో పడలేదన్న ప్రశ్న కూడా వెంటనే తలెత్తుతుంది. డెల్టా సంఘాల చరిత్రను, వాటి కీర్తనలను, ఇంకా లిఖితరూపం పొందని సాక్ష్యాలను ఆ ప్రశ్నతో తిరిగి చదవవలసి ఉంది.